బ్రాకెట్టు గారి బీరువా

మానవజాతి ఇంతవరకు సాధించిన విజయాల్లోకెల్లా గొప్పది మందు కనిపెట్టడం కాదు. కనిపెట్టిన మందును ఎవరూ వాడకుండా చూడగలగడం. మొదటిదానికి శాస్త్రజ్ఞులు సరిపోతారు. రెండోదానికి ఒక శాఖ, ఆ శాఖకో భవనం, ఆ భవనంలో మూడో అంతస్తు, ఆ అంతస్తులో కిటికీ పక్కన కూర్చునే బ్రాకెట్టు గారు కావాలి.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. జీతాల రిజిస్టరులో తప్ప దాన్ని ఎవరూ వాడరు. (వాడకపోవడం ఆ శాఖ స్వభావం.) ముప్ఫై ఏళ్ళుగా ఆరోగ్య శాఖలో నిబంధనలు రాస్తూ వచ్చిన ఆయనకు ఒక విద్య అబ్బింది. ఎంత కఠినమైన వాక్యంలోనైనా ఒక చిన్న బ్రాకెట్టు పెట్టి, ఆ వాక్యం వల్ల ఎవరికీ ఇబ్బంది లేకుండా చేసేవారు. "ఉద్యోగులందరు పది గంటలకు హాజరు కావలెను" అని పై అధికారి రాస్తే, ఈయన "(లేదా హాజరగుటకు ఇంటి నుండి బయలుదేరి ఉండవలెను)" అని చేర్చారు. ఆ రోజు నుంచి ఆ భవనంలో ఆలస్యంగా వచ్చినవాడు లేడు.

ఇక అసలు సంగతి. సూక్ష్మజీవులకు మన మందులంటే భయం పోయింది. ఒకప్పుడు నాలుగు మాత్రలకు చచ్చేవి ఇప్పుడు నలభై మింగినా చెక్కు చెదరడం లేదు. కాబట్టి కొత్త మందు కావాలి. కొత్త మందును ఎడాపెడా వాడితే అవి దానికీ అలవాటు పడతాయి కాబట్టి దాన్ని దాచిపెట్టాలి. దాచిపెట్టిన మందు అమ్ముడుపోదు. అమ్ముడుపోని మందును తయారుచేసిన కంపెనీ మూతపడుతుంది. అలా అప్పటికే మూడు కంపెనీలు మూతపడ్డాయి. మూడూ మంచి మందులే కనిపెట్టాయి పాపం. నాలుగో కంపెనీ వాళ్ళు వీళ్ళ గతి చూసి, తమ దగ్గరున్న కొత్త మందును పక్కన పెట్టి జుట్టుకు వేసుకునే రంగు తయారుచేయడం మొదలుపెట్టారు.

అప్పుడు ప్రభుత్వం వారు ఒక పథకం ఆలోచించారు. ఆ మందు అమ్ముడుపోయినా పోకపోయినా కంపెనీకి ఏటా ఒక మొత్తం ఇచ్చేద్దాం. ఊళ్ళో ఎక్కడా మంటలు లేవని అగ్నిమాపక సిబ్బందికి ఆ నెల జీతం ఎగ్గొట్టం కదా, అలాగన్నమాట. ఆలోచన బంగారంలాంటిది. (ఇది వెటకారం కాదు. ఈ కథలో వెటకారం లేని వాక్యాలు కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి.) అయితే ఎంత మేలిమి బంగారానికైనా కాస్త రాగి కలిపితేనే నగ అవుతుంది. ఆ రాగి కలిపే పని బ్రాకెట్టు గారికి అప్పగించారు.

ఆయన నాలుగు నెలలు శ్రమించి పదకొండు నిబంధనలు రాశారు. మందును పన్నెండు పెద్దాసుపత్రుల్లో ఒక్కో ఇనుప బీరువాలో పెట్టాలి. ప్రతి బీరువాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆసుపత్రి స్టోర్‌కీపరు దగ్గర, రెండోది శాఖ దగ్గర. మందు ఎంత తక్కువ వాడితే కంపెనీకి అంత ఎక్కువ ప్రోత్సాహకం, ఆసుపత్రికి అన్ని ఎక్కువ నక్షత్రాలు. ఏడాదంతా ఒక్కసారి కూడా వాడకపోతే శాఖకు మితవాడక పురస్కారం. కుతూహలం కొద్దీ ఎవరైనా బీరువా తెరిచి చూస్తారేమోనని ఆరో నిబంధనలో "బీరువా తెరుచుటయు వాడకముగానే పరిగణింపబడును" అని రాశారు. ఈ వాక్యానికి మాత్రం ఆయన బ్రాకెట్టు పెట్టలేదు. అంత కఠినంగా రాయగలిగినందుకు ఆ రోజు తనమీద తనకే కాస్త భయం వేసింది.

నిబంధనలు ఖరారు చేసే సమావేశానికి ఆ నాలుగో కంపెనీ ప్రతినిధి వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి బూట్లు. తొమ్మిదో నిబంధన దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"సార్, చిన్న మనవి. ఈ మందుకి గడువు రెండేళ్ళే. తయారుచేసి బీరువాలో పెడతాం. ఎవరూ వాడరు. గడువు దాటుతుంది. తీసి పారేస్తాం. మళ్ళీ తయారుచేసి పెడతాం. పారేయడానికే తయారుచేస్తున్నామని తెలిస్తే మా కార్మికుల మనసు కష్టపడుతుంది సార్."

శాఖ డైరెక్టరు గారు చలించిపోయారు. "అవునవును. కార్మికుల మనసు చూడాలి. ఏమండీ బ్రాకెట్టు గారూ, ఏమైనా చేయగలరా?"

చేయగలరా అని అడగడమే అవమానం. ఆయన కలం తీశారు. "కంపెనీవారు ప్రతి బీరువాకును పదిమంది రోగులకు సరిపడు మందును సరఫరా చేయవలెను" అన్న వాక్యం చివర, చుక్కకు ముందు, పొందికగా ఇలా చేర్చారు: "(లేదా సరఫరాకు తగిన సంసిద్ధతను సమర్పించవలెను)".

ప్రతినిధి ఆ బ్రాకెట్టు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. డైరెక్టరు గారు "భలే" అన్నారు. బ్రాకెట్టు గారు ఆ సాయంత్రానికే దాన్ని మరిచిపోయారు. రోజుకు పదిహేను బ్రాకెట్లు పెట్టే మనిషి ఎన్నని గుర్తుపెట్టుకుంటాడు!

పథకం మూడేళ్ళు దివ్యంగా నడిచింది. మొదటి ఏడాది వాడకం సున్నా. రెండో ఏడాది సున్నా. మూడో ఏడాది సున్నా వచ్చేలా ఉందని తెలిసి ఇతర శాఖలవారు కూడా వచ్చి, ఎలా సాధించారో నోట్సు రాసుకుని వెళ్ళారు.

బ్రాకెట్టు గారికి ఒక అక్క ఉంది. ఆయనకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతుంది. వాళ్ళమ్మ పోయాక ఆ దుకాణం మీదే తమ్ముణ్ణి చదివించింది. ఆవిడ మిషను విప్పకముందు కళ్ళు మూసుకుని ఒకసారి తొక్కి వింటుంది. ఆ చప్పుడును బట్టి ఎక్కడ నూనె కావాలో, ఏ చక్రం పన్ను అరిగిందో, సూది ఎంత వంకరపోయిందో చెప్పేస్తుంది. "మిషను అబద్ధం చెప్పదురా, తెచ్చినవాళ్ళే చెబుతారు, నేను ముట్టుకోలేదు అదే పాడైంది అని" అంటుంది.

రోజూ ఉదయం ఏడింటికి అక్క ఫోను చేసేది. బ్రాకెట్టు గారు ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని గడ్డం గీసుకునేవారు. ఆవిడ నిన్నటి మిషన్ల సంగతులన్నీ చెప్పేది. ఈయన "ఊఁ" అనేవారు. మధ్యలో ఊఁ కొట్టడం ఆపితే "ఏరా, వింటున్నావా, మొహం కోసుకున్నావా?" అని అడిగేది. ఊఁ అన్న తీరును బట్టి వీడికి జలుబు చేసిందో, ఆఫీసులో చీవాట్లు పడ్డాయో కూడా పట్టేసేది. ఆవిడ దృష్టిలో తమ్ముడు కూడా ఒక మిషనే.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. కొత్త మందును కాపాడే నిబంధనలు రాసిన ఈ మహానుభావుడి ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో బిస్కెట్లు లేవు. సగం సగం వాడిన మాత్రల అట్టలున్నాయి. ఎవరు తుమ్మినా అందులోంచి మూడు మాత్రలు తీసిచ్చేవారు. రెండు వేసుకుని తగ్గగానే మూడోది మళ్ళీ డబ్బాలోకి వెళ్ళిపోయేది. ఇంటిల్లిపాదీ, అక్కతో సహా, ఆయన వైద్యం మీదే బతికారు. ఆరోగ్య శాఖ మనిషి కదా మరి (నిబంధనల విభాగం). పాత మందులన్నిటినీ సూక్ష్మజీవులకు చనువు చేసిపెట్టింది ఎవరయ్యా అంటే, తలా ఒక చెయ్యి వేశాం. ఈ కథ చెబుతున్నవాడి సొరుగులోనూ అలాంటి అట్టలు నాలుగున్నాయి. రాస్తూ రాస్తూ ఇప్పుడే లెక్కపెట్టాడు.

ఆ మూడో ఏడాది చివర్లో ఒకరోజు అక్క కుడి బొటనవేలిలో మిషను సూది దిగి విరిగింది. సూది ముక్క తానే లాగేసుకుని పని చేసుకుంది. మర్నాటికి వేలు వాచింది. బ్రాకెట్టు గారు డబ్బా పట్టుకుని వెళ్ళి పసుపురంగు మాత్రలు రెండు, ఎర్రవి రెండు ఇచ్చి, అవి పనిచేయకపోతే వేసుకోమని తెల్లది ఒకటి ఇచ్చి వచ్చారు. ఐదో రోజుకు వాపు మోచేతి దాకా పాకింది, ఒళ్ళు కాలిపోతోంది. పెద్దాసుపత్రిలో చేర్చారు.

వార్డులో డాక్టరమ్మ చిన్నది, మొహమాటం లేనిది. రక్తపరీక్ష కాగితం ఆయన ముందు పెట్టింది. పదమూడు మందుల పేర్లు. పన్నెండింటి ఎదురుగా "లొంగదు" అని ఉంది.

"ఇన్ని మందులకి ఎలా అలవాటు పడిందో అర్థం కావట్లేదండి. ఆవిడకి చిన్నా పెద్దా జబ్బులకి మందులెవరు ఇచ్చేవారు?"

"ఇంట్లోనే... ఎవరో ఒకరు" అన్నారు బ్రాకెట్టు గారు.

"పదమూడోది పనిచేస్తుంది. పాత మందు. ప్రాణం నిలబెడుతుంది, చెయ్యి కూడా దక్కుతుంది. కానీ చెవి నరాల్ని దెబ్బతీస్తుంది. చాలామందికి వినికిడి పోతుంది, మళ్ళీ రాదు." ఆమె కాగితం మడిచింది. "నిజానికి చెవులతో పేచీలేని కొత్త మందు ఒకటుంది. మన స్టోర్లోనే, బీరువాలో. మూడేళ్ళుగా ఉంది. కానీ ఎవరికీ ఇవ్వరు. ఎవరో పుణ్యాత్ముడు దానికి పద్నాలుగు పేజీల ఫారం రాసిపెట్టాడు."

"పదహారు" అన్నారు బ్రాకెట్టు గారు. "అనుబంధాలతో కలిపి."

"మీకెలా తెలుసు?"

"ఆ పుణ్యాత్ముణ్ణి దగ్గర నుంచి ఎరుగుదును. మనకి ఎంత టైముంది?"

"రెండు రోజులు. అంతకంటే ఆగితే చెయ్యి తీసేయాల్సొస్తుంది. ఇంకా ఆగితే చెయ్యితోనే పోదు."

బ్రాకెట్టు గారికి భయం వేసింది. నిజమైన భయం. కానీ ఆ భయం వెనకాలే, సిగ్గులేకుండా, కాస్త గర్వం కూడా వచ్చి నిలబడింది. ఆ బీరువా తనది. ఆ తాళం తనది. ఆ ఫారంలో ఏ గడి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. అక్క మిషను విన్నట్టే.

వార్డు బయట బల్ల మీద కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టారు. మూడో గడి: రోగి కుడిచేతి బొటనవేలి ముద్ర. అక్కకు ఉన్న జబ్బే కుడిచేతి బొటనవేలు. పక్కనే బ్రాకెట్టులో "(లేదా ఎడమ)" అని ఉంది. ఐదో గడి: రోగి పరిస్థితి మిక్కిలి విషమముగా ఉండవలెను. ఆరో గడి: రోగి కోలుకొను అవకాశము మెండుగా ఉండవలెను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయని డాక్టరమ్మ అడిగింది. ఆయన ఆరో గడి కింద బ్రాకెట్టు చూపించారు: "(లేదా కోలుకొనవలెనన్న కోరిక)". ఎనిమిదో గడి: సూక్ష్మజీవి లొంగని పాత మందులను ఒక్కొక్కటి మూడేసి రోజులు వాడి విఫలమైనట్టు నిరూపించవలెను. పన్నెండు మందులకు ముప్ఫై ఆరు రోజులు. బ్రాకెట్టులో: "(లేదా పరీక్ష నివేదిక జతపరచవలెను)".

అడుగడుక్కీ ఒక గోడ. గోడ గోడకీ ఒక దొడ్డిదారి. అన్నీ తానే ఎప్పుడో తెరిచిపెట్టినవి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తన బ్రాకెట్ల గుండా తాను నడవడం ఆయనకు అదే మొదటిసారి. మనం ఎంత మంచివాళ్ళమో అనుకున్నారు.

ఫారం పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తారు. దరఖాస్తులు స్వీకరించే కార్యదర్శి కూడా ఆయనే కాబట్టి తన బల్ల దగ్గరకు వెళ్ళి, తన ఫారాన్ని తానే అందుకుని, కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని చదివారు. రెండో పేజీ కుడివైపు పైన తేదీ లేదు. చెయ్యి దానంతటదే కదిలి "తిప్పి పంపడమైనది" అన్న ముద్ర కొట్టేసింది. అలవాటు ఎంత పని చేస్తుందో చూడండి. ఆయన ఆ ముద్ర వైపు కాసేపు చూసి, లేచి, బల్లకు ఇవతలి వైపు కుర్చీలోకి వచ్చి, తిట్టుకుంటూ ఇంకో ఫారం మొదటి నుంచి నింపారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టిదని ఆయనకు అప్పుడే తెలిసింది.

డైరెక్టరు గారి సంతకం మిగిలింది.

"సున్నా పోతుందే" అన్నారాయన, ఫారం చూసి. "వచ్చే నెలేగా పురస్కారం. ఎవరీవిడ?"

"మా అక్కండీ."

"సొంత అక్కా?"

"సొంతమే సార్. పెంచింది కూడా."

డైరెక్టరు గారు చెడ్డమనిషి కాదు. కలం మూత తీశారు. "ఒక్కసారి వాడినంత మాత్రాన పురస్కారం పోదు కదా?"

"పోతుంది సార్. పదకొండో నిబంధన."

"దానికి బ్రాకెట్టేం లేదా?"

"లేదు సార్."

ఆయన నిట్టూర్చి సంతకం చేశారు. కవరులో సీలు వేసి ఉంచిన రెండో తాళంచెవి తీసుకుని బ్రాకెట్టు గారు ఆసుపత్రికి వెళ్ళేసరికి సాయంత్రం నాలుగైంది.

స్టోరు ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. స్టోర్‌కీపరు బీరువా ముందు నిలబడి ఉన్నాడు. ఇనుప బీరువా అద్దంలా మెరుస్తోంది. "రోజూ పొద్దున్నే నేనే తుడుస్తానండి" అన్నాడు. "మూడేళ్ళలో ఈగని కూడా వాలనివ్వలేదు. అసలు దీన్ని తెరుస్తారని అనుకోలేదు. ఇవాళ తెరుస్తున్నామని ఇంటికి కూడా ఫోను చేసి చెప్పాను." రెండు తాళాలూ ఒకేసారి తిప్పారు. డాక్టరమ్మ చేతుల్లో ట్రే ఉంది, ట్రేలో సిరంజి ఉంది.

బీరువాలో ఒక పెట్టె. పెట్టెలో దూది. దూది మీద, అద్దం బిగించిన ఫ్రేములో, బంగారు అంచుతో ఒక పత్రం.

బ్రాకెట్టు గారు దాన్ని బయటికి తీసి చదివారు. "సంసిద్ధతా పత్రము. పదిమంది రోగులకు సరిపడు మందును సరఫరా చేయుటకు మా సంస్థ సర్వకాల సర్వావస్థలయందును సంసిద్ధముగా ఉన్నదని, తొమ్మిదో నిబంధన ననుసరించి, ఇందుమూలముగా సమర్పించుకొనుచున్నాము. ఆర్డరు అందిన రెండువందల డెబ్బై దినములలో సరఫరా చేయబడును."

స్టోర్‌కీపరు మెడ సాచి చూశాడు. "ఇదేనా సార్ మందు? ఇది ఎలా ఇస్తారు?"

డాక్టరమ్మ ఆ పత్రం తీసుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. "మందు పెట్టకపోయినా పరవాలేదని ఎవడండీ రాసింది వీళ్ళకి?"

"నేను" అన్నారు బ్రాకెట్టు గారు. ఆ మాటకు ఏ బ్రాకెట్టూ దొరకలేదు.

అక్కడి నుంచే కంపెనీ ప్రతినిధికి ఫోను చేశారు. ప్రతినిధి గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నమస్కారం సార్! మీ పేరు మా కంపెనీలో తలచుకోని రోజు లేదు. ఆ బ్రాకెట్టు మా మీటింగు హాల్లో గోడకి పటం కట్టించి పెట్టాం."

"మందు కావాలి. ఒక్క మనిషికి. ఎల్లుండిలోపు."

"మేం సిద్ధంగానే ఉన్నాం సార్. ఎప్పుడూ సిద్ధమే. ఆ మిషన్ల మీద ప్రస్తుతం జుట్టు రంగు నడుస్తోంది. మీరు ఆర్డరు పంపిస్తే నలుపు అయ్యాక గోధుమరంగు ఆపేసి, మిషన్లన్నీ కడిగించి, పరీక్షలు చేయించి... రెండువందల డెబ్బై రోజులు. మీ కోసం రెండువందల అరవైలో చేయిస్తాను సార్."

మిగతా పదకొండు ఆసుపత్రులకూ ఫోన్లు చేశారు. తమ బీరువా తెరిస్తే నక్షత్రాలు పోతాయని అక్కడివాళ్ళు ముందు ఒప్పుకోలేదు. తరవాత ఒకాయన జాలిపడి, మూడేళ్ళుగా తమ బీరువాను ఎవరూ తెరవలేదనీ, కానీ ఊడ్చేటప్పుడు ఒక్క మనిషే అవలీలగా పక్కకు జరిపేస్తున్నాడనీ, లోపల మందున్న బరువు లేదనీ గుట్టుగా చెప్పాడు. బ్రాకెట్టు గారు ఫోను పెట్టేశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఈయన ఆకులు కూడా బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి.

వార్డుకు వెళ్ళేసరికి అక్క మెలకువగానే ఉంది. చెయ్యి దిండు మీద పెట్టి ఉంది, మోచేతి పైదాకా కట్టు.

"ఏంట్రా, మొహం వేలాడేశావు? నీ బీరువా తాళం పోయిందా?"

"తాళం ఉందక్కా. మందే లేదు."

"తాళం వేసిందెవరు?"

"నేనే."

అక్క నవ్వబోయి, నొప్పికి ఆగింది. "చిన్నప్పుడూ అంతేగా నువ్వు. కొత్త పెన్సిలు అరిగిపోతుందని పెట్టెలో దాచి, పరీక్షలో పక్కవాణ్ణి అడుక్కునేవాడివి. తీరా చూస్తే ఆ పెట్టెలో పెన్సిలు కూడా ఉండేది కాదు, ఎవడో ఎత్తుకుపోయేవాడు."

ఆయన పాత మందు సంగతి చెప్పారు. చెవుల సంగతి కూడా చెప్పారు, మూడుసార్లు ఆగి ఆగి. ఫారంలో రాయడానికైతే ఒక్క వాక్యం.

అక్క దిండు మీది చెయ్యి వైపు చూసుకుంది. "చెయ్యి ఉంటుందా?"

"ఉంటుందట."

"చెయ్యుంటే మిషను విప్పగలను. చెవులుంటేనే కదరా ఎక్కడ విప్పాలో తెలిసేది. రెండూ కావాలంటే?"

"రెండువందల డెబ్బై రోజులు. గట్టిగా అడిగితే రెండువందల అరవై."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనమ్మ అంటుండేది. ఇది చెవుల దాకా వచ్చిందన్నమాట." అని, ఎడమచేత్తో ఆయన మోకాలి మీద తట్టింది. "సరే, ఎక్కించమను. పొద్దున్న ఫోను మాత్రం నేను మానను. నువ్వు ఊఁ అనక్కర్లేదు, నీకూ తెరిపి."

పన్నెండు రోజులు ఎక్కించారు. జ్వరం దిగింది, వాపు తీసింది, చెయ్యి దక్కింది. నాలుగో రోజు అక్క డాక్టరమ్మను "ఫ్యాను ఆపారేంటమ్మా, ఉక్కపోస్తుంటే" అని అడిగింది. ఫ్యాను తల మీద గరగరమంటూ తిరుగుతూనే ఉంది. బ్రాకెట్టు గారు బయటికి వెళ్ళి, వరండాలో గోడకు ఆనుకుని, తన గురించి తాను కొన్ని మాటలు అనుకున్నారు. వాటిని ఏ ఫైలులోనూ రాయలేము.

ఆఫీసుకు తిరిగి వచ్చిన రోజే ఆయన తొమ్మిదో నిబంధనలోని బ్రాకెట్టును తొలగించాలని ప్రతిపాదన పెట్టారు. డైరెక్టరు గారు ఓపిగ్గా చదివారు.

"తీసేద్దాం, తప్పకుండా తీసేద్దాం. కానీ ఇప్పుడు తీస్తే ఏమవుతుందో ఆలోచించారా? మూడేళ్ళ సున్నా మీద మనకి పేరొచ్చింది. బ్రాకెట్టు తీసేస్తే ఆ సున్నా ఇంకో రకం సున్నా అయిపోతుంది. పురస్కారం అయ్యాక చూద్దాం. ఈలోపు మీ అక్కగారి దరఖాస్తు మీద నివేదిక రాయండి. మీరైతేనే బాగా రాస్తారు."

"బీరువా తెరిచాం కదా సార్. ఆరో నిబంధన ప్రకారం అది వాడకమే. సున్నా ఎలా అవుతుంది?"

"ఏది వాడారు? మందు లేదు కదా. లేనిదాన్ని వాడినట్టు రాస్తే తప్పుడు నివేదిక కాదూ?"

బ్రాకెట్టు గారు ఎదురు తిరిగి ఉండవచ్చు. రాజీనామా పడేసి ఉండవచ్చు. అలాంటివాళ్ళు కూడా లోకంలో ఉంటారని విన్నారు. ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని నివేదిక రాశారు: "ఈ ఏడు ఒక దరఖాస్తు అందినది. దానిని ఒకే దినములో పరిష్కరించడమైనది. రోగి కొత్త మందు వాడకుండగనే పూర్తిగా కోలుకొన్నది." మూడు వాక్యాలు. మూడూ దాదాపు నిజాలే. అందుకే మూడో వాక్యం చివర "(వినికిడి మినహా)" అని చేర్చారు. ముప్ఫై ఏళ్ళలో ఎవరి ఇబ్బందీ తప్పించడానికి కాకుండా ఆయన పెట్టిన బ్రాకెట్టు అదొక్కటే.

సాయంత్రానికి ఫైలు తిరిగి వచ్చింది. ఆ బ్రాకెట్టు మీద ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. పక్కన డైరెక్టరు గారి చేతిరాత: "బ్రాకెట్లు తగ్గించండి."

అక్క మళ్ళీ దుకాణం తెరిచింది. మిషను బల్ల మీద అరచెయ్యి ఆనించి, తొక్కి, ఆ అదురును బట్టి కనిపెట్టడం నేర్చుకుంటోంది. పదింట్లో నాలుగు తప్పుతున్నాయి. తప్పినప్పుడు డబ్బు తీసుకోదు. ఉదయం ఏడింటికి ఫోను మాత్రం తప్పదు. అన్నీ చెప్పి, "ఉంటాను మరి" అని పెట్టేస్తుంది. బ్రాకెట్టు గారు గడ్డం గీసుకోవడం ఆపి, ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మాటకూ శ్రద్ధగా ఊఁ కొడుతున్నారు.

పురస్కారం సభకు రావద్దని ఆయన కాగితం మీద రాసి చూపించారు. అక్క చదివి, "నా తమ్ముడికి బహుమతి ఇస్తుంటే నేను రాకపోవడమేంట్రా, పిచ్చివెధవా" అని ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. పక్క కుర్చీలో కంపెనీ ప్రతినిధి కూర్చున్నాడు, జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది.

వరసగా మూడో ఏడు కూడా వాడకం సున్నా అని వేదిక మీద ప్రకటించారు. బ్రాకెట్టు గారు వెళ్ళి జ్ఞాపిక అందుకున్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. అక్క తమ్ముడి మీద నుంచి చూపు తిప్పకుండా, కట్టు విప్పిన కొత్త చేతితో గట్టిగా చప్పట్లు కొట్టింది. తరవాత హాలు కొట్టడం ఆపేసింది. అక్కకు ఆ సంగతి తెలియలేదు.